విమానం కంపెనీకి మేం పెట్టుకున్న అర్జీ

విమానం కంపెనీ నాకు ఉత్తరం రాసేనాటికి నేను విమానాన్ని కింద నుంచి తప్ప చూసినవాణ్ణి కాను. అయినా ఆ ఉత్తరం చూసి ఆశ్చర్యపోలేదు. ఎప్పటికైనా ఇలాంటి పెద్ద సంస్థ ఏదో ఒకటి నన్ను గుర్తిస్తుందని నాకు లోపల్లోపల గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం లేకపోతే కాశీబుగ్గలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టేవాణ్ణే కాదు.

ఇది రెండువేల ఆరు, ఏడు నాటి సంగతి. బ్యాంకు పరీక్షలు నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ తప్పు బ్యాంకులదేనని తేల్చుకున్నాక, బస్టాండు వెనక సందులో గది అద్దెకు తీసుకుని మూడు కంప్యూటర్లు పెట్టాను. కరెంటున్నప్పుడు వాటిలో రెండు పనిచేసేవి. మూడోది గది నిండుగా కనపడ్డానికి. పక్కనే జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉండడంతో మధ్యాహ్నం దాటితే కళ్ళు మండిపోయేవి. బోర్డు మీద మాత్రం 'ఇంటర్నెట్, జెరాక్స్, స్కానింగ్, ప్రపంచంలో ఎక్కడికైనా ఉత్తరాలు' అని రాయించాను. ఆ చివరి ముక్క నా సొంతం.

మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని ఊళ్ళవాళ్ళకి అర్జీలు రాసిపెట్టేవాడు. తను ఇంగ్లీషులో అర్జీ రాస్తే కలెక్టరుకే చెమటలు పట్టేవని చెప్పుకునేవాడు. ఆయన కలం నాకొచ్చిందని నేను అనుకునేవాణ్ణి. నిజానికి నాకొచ్చింది ఆయన గొంతు. తెలియని సంగతిని కూడా తెలిసినట్టే చెప్పగలిగే గొంతు అది.

ఆ రోజుల్లో మా వైపు ఈమెయిల్ అడ్రసు మనిషికొకటి ఉండాలని ఎవరికీ తెలీదు. సెంటరుకి ఒక అడ్రసు ఉండేది. అడిగినవాళ్ళకల్లా అదే ఇచ్చేవాణ్ణి. గల్ఫులో తాపీ పనికి వెళ్ళినవాళ్ళు, గుజరాత్ బోట్ల మీద వేటకి వెళ్ళినవాళ్ళు, అండమాన్లో స్థిరపడినవాళ్ళు, అందరూ తమవాళ్ళకి ఆ ఒక్క అడ్రసుకే రాసేవాళ్ళు. నేను వాటిని ప్రింటు తీసి, పేర్ల వారీగా క్లిప్పులు పెట్టి, సంతకి వచ్చిన ఆడవాళ్ళకి చదివి వినిపించేవాణ్ణి. చదువుతూ మధ్యమధ్యలో గొంతు సవరించుకునేవాణ్ణి కూడా, అదేదో నాకొచ్చిన ఉత్తరమైనట్టు.

అలా వచ్చేవాళ్ళలో ఒకామె ఎండుచేపలు అమ్మేది. యాభై దాటి ఉంటాయి. ఉద్దానంలో సముద్రం ఒడ్డునున్న పల్లె నుంచి పొద్దున్న బస్సుకి వచ్చి, అమ్మకం అయ్యాక నా దగ్గరికి వచ్చేది. అప్పా అనేవాణ్ణి, అక్కగారి లెక్క. ఆమెకి పుట్టింటి వైపు మిగిలింది ఒక్క అన్న. ఆయన కుర్రతనంలోనే ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. ఆయన కొడుకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసి పంపేవాడు. రెండేళ్ళుగా ఆ ఉత్తరాలన్నీ నేనే చదివాను. మేనల్లుడికి కూతురు పుట్టిందన్నాను, పుట్టింది. ఇల్లు కట్టారన్నాను, ఫోటో వచ్చింది. అందుకని నేను చదివింది అబద్ధం అవుతుందని ఆమెకి తోచే అవకాశం లేదు.

ఒకరోజు వచ్చిన ఉత్తరం చిన్నది. "అత్తా, నాన్నకి అస్సలు బాగోలేదు. ఎక్కువ రోజులు లేవంటున్నారు డాక్టర్లు. పొద్దస్తమానం నీ పేరే తలుస్తున్నాడు. ఎలాగైనా రా."

ఆమె ఏడవలేదు. "ఓడెప్పుడుంది బాబు?" అంది.

విశాఖపట్నం నుంచి అండమాన్‌కి ఓడ నెలకో, నెలన్నరకో ఒకటి. మూడు రోజుల ప్రయాణం. ఇది నాకు తెలీదు, ఆమెకే తెలుసు. ఆ రోజు నాకు ఊరుకోబుద్ధి కాలేదు. విమానాలు ఉండగా ఓడలేంటి అప్పా అని, ఒక విమానం కంపెనీ బొమ్మల పేజీ తెరిచి, టిక్కెట్టు ధర చూపించాను. ఆమె అది విని "నన్నూ నా ఇల్లూ కలిపి అమ్మీసినా రాదు గదా" అని నవ్వేసింది. ఆ పేజీలో ఏదో గడి కనపడితే సెంటరు అడ్రసు కొట్టాను. గడి కనపడితే అడ్రసు కొట్టడం నాకు అలవాటు.

ఆమె నాలాంటి మనిషి కాదు. వారం తిరిగేలోగా విశాఖపట్నం రేవులో ఉండే ఆడపడుచు చేత లైన్లో నిలబెట్టించి ఓడలో పడక సంపాదించింది. ఓడ ఇంకా ఎనిమిది రోజులకి. అన్నకి ఇష్టమని నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది నాకా ఉత్తరం. పైన నీలం విమానం బొమ్మ. కింద ఇంగ్లీషు. డియర్ కస్టమర్, మా వార్షికోత్సవం సందర్భంగా మిమ్మల్ని ఎంపిక చేశాం, మీకు నచ్చిన చోటికి రెండు టిక్కెట్లు పూర్తిగా ఉచితం, డెబ్బై రెండు గంటల్లో వివరాలు పంపి ధ్రువపరచండి. అడిగిన వివరాలేంటంటే పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా, కార్డు నంబరు, దాని రహస్య నంబరు. అంతా పద్ధతిగా ఉంది. గడిలో అడ్రసు కొట్టానా, వాళ్ళు చూశారా, ఇలాంటి మనిషికి ఇవ్వాలనుకున్నారా, ఇచ్చారు. రహస్య నంబరు వాళ్ళకెందుకన్న ప్రశ్న నాకు రాలేదు. పెద్ద కంపెనీ అన్నాక అన్నీ అడుగుతుంది అనుకున్నాను. తాలూకా ఆఫీసులో మా నాన్న, వచ్చినవాళ్ళని వాళ్ళ తాత పుట్టిన ఊరు కూడా అడిగేవాడు.

ఆమె రాగానే చెప్పాను. ఆమె నోరు తెరిచి వింది. తర్వాత, "ఓడ టిక్కెట్టు సేతిలో ఉంది బాబు" అంది.

"ఓడలో మూడు రోజులు వాంతులు చేసుకుంటూ వెళ్తావా అప్పా? విమానమైతే రెండు గంటలు. పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం మీ అన్న పక్కన కూర్చుంటావు."

"నిజవేనా? పంపుతారేటి?"

"నేను చదివాను కదా!" అన్నాను.

అది నా గొంతు కాదు, మా నాన్నది. ఆమె ఆ సాయంత్రమే ఆడపడుచుకి ఫోను చేయించి ఓడలో పడక వదిలేసింది. దాని కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉండబట్టి క్షణాల్లో ఇంకొకళ్ళకి పోయింది.

సంగతి ఒంటిగంట బస్సులో ఆమెకంటే ముందే పల్లె చేరింది. మర్నాడు పొద్దున్న షట్టరు తీసేసరికి సందులో ఇరవైమంది మగవాళ్ళున్నారు. ముందు నిలబడ్డవాడు ఊరిపెద్ద. తెల్ల పంచె, భుజం మీద జరీ తువ్వాలు, మాట్లాడే ముందు ఒకసారి దగ్గడం ఆయన పద్ధతి.

"బాబూ, ఆ ఉత్తరం ఎవల పేరున వచ్చినాది?" అన్నాడు.

"డియర్ కస్టమర్ అని ఉంది."

"అంటే ఎవలు?"

చిక్కు అక్కడే వచ్చింది. అడ్రసు ఒక్కటే, వాడేవాళ్ళు అరవైమంది. ఉత్తరం మీద పేరు లేదు. ప్రపంచంలో ఇంకెక్కడివాళ్ళయినా ఇది నాకు వచ్చిందని అనుకుంటారు, లేదా ఎవరికీ రాలేదని అనుకుంటారు. మావాళ్ళు అందరికీ వచ్చిందని అనుకున్నారు. దానికి కారణం వాళ్ళ వల. ఆ తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్దవల ఉంటుంది. పడవ మీద వెళ్ళి వలని నీళ్ళలో చుట్టూరా దింపి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెచ్చి ఊరంతా చేరి లాగుతారు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ పడిన చేపలో పాలుంది. వల సగం వచ్చాక పరిగెత్తుకొచ్చి కొస పట్టుకున్నవాడికీ ఉంది, కాకపోతే కొంచెం తక్కువ.

"అడ్రసు మనందరిదీ. దాంట్లో పడినాది మనందరిదీ" అని తేల్చాడు ఊరిపెద్ద. ఇరవైమందీ తలలూపారు. నాకూ న్యాయంగానే కనిపించింది.

అప్పణ్ణుంచి నా గది పంచాయితీ సావడి అయిపోయింది. రెండు టిక్కెట్లలో ఒకటి ఆమెదేనని అందరూ ఒప్పుకున్నారు, అన్న మంచం మీద ఉన్నాడు కాబట్టి. రెండోది ఎవరిది? పోర్ట్ బ్లెయిర్లో బాకీ వసూలు చేసుకోవాల్సినవాడు ఒకడు. పెళ్ళానికి మాటిచ్చినవాడు ఒకడు. విమానం లోపల ఎలా ఉంటుందో చూసి దిగిపోతానన్నవాడు ఒకడు. ఒకటిన్నర రోజు వాదించుకున్నారు. చివరికి ఆడమనిషి ఒంటరిగా పోకూడదు, ఊరి తరఫున పెద్దమనిషి తోడు వెళ్ళాలి అని నిర్ణయం జరిగింది. ఆ పెద్దమనిషి ఎవరో నిర్ణయం చేసినాయనకే తెలుసు. ఆయన దగ్గి, తువ్వాలు సర్దుకుని, మీ అందరి మాటా కాదనలేనన్నాడు.

ఆమె ఆ రెండు రోజులూ గుమ్మం పక్కన కూర్చుంది. ఎవరు ఎక్కినా ఆమెకి ఒకటే. "ఎప్పుడెల్తాది బాబు ఇమానం?" అని మాత్రం గంటకోసారి అడిగేది.

నిర్ణయం అయ్యాక కంపెనీకి తెలియజేయాలి కదా. నా అర్జీ కళ అప్పుడు బయటపడింది. వాళ్ళిచ్చిన ఫారం నింపి సరిపెట్టుకుంటే పోయేదానికి, ఉత్త ఫారం పంపితే మర్యాదగా ఉండదని నాలుగు పేజీలు రాశాను. "గౌరవనీయులైన విమాన కంపెనీ మేనేజరు గారి దివ్య సముఖమునకు, ఉద్దానం తీర ప్రాంత ప్రజానీకం వినయపూర్వకముగా విన్నవించుకునేది ఏమనగా" అని తెలుగులో మొదలుపెట్టి, అదంతా ఇంగ్లీషులోకి దించాను. టిక్కెట్లు ఎవరెవరికి, ఎందుకు, ఏ పద్ధతిన నిర్ణయించామో వివరించాను. ప్రయాణికులతో రెండు బుట్టలు ఎండుచేపలు వస్తాయని, వాసనకి తోటి ప్రయాణికులు పెద్దమనసు చేసుకోవాలని కోరాను. వెళ్ళేటప్పుడు మా పల్లె మీదుగా కాస్త కిందుగా వెళ్తే పిల్లలు చూస్తారన్నాను. ఇంతలో ఒకాయన, "పెద్దోల్లకి రాత్తన్నాం గదా, మంచినీల్ల పైపు సంగతి కూడా ఒక ముక్క రాసీ బాబు" అన్నాడు. ఆ ఊరివాళ్ళు ఇరవై ఏళ్ళుగా ఎవరికి అర్జీ పెట్టినా మంచినీళ్ళ పైపు, చేపలు దించుకునే రేవు అందులో ఉండి తీరాలి. అవి కూడా రాశాను. కింద నలభై మూడు సంతకాలు, వేలిముద్రలు. అన్నీ స్కాన్ చేసి, రేషన్ కార్డు జతపరిచి, నా ఏటీఎం కార్డు నంబరు, దాని రహస్య నంబరు ముత్యాల్లాంటి అక్షరాల్లో వేసి పంపించాను.

ఆ దొంగలు ఎవరో, ఏ దేశంలో కూర్చుని ఉన్నారో నాకు ఈనాటికీ తెలీదు. కానీ వాళ్ళ బతుకులో మంచినీళ్ళ పైపు కోసం అర్జీ అందుకోవడం అదొక్కసారే అయ్యుంటుంది. మర్నాడే జవాబు వచ్చింది. "డియర్ కస్టమర్, మీరు జతపరిచినవి అందాయి. దయచేసి కార్డు వివరాలు మాత్రమే మళ్ళీ పంపండి. సరిపోలడం లేదు." ఆ 'దయచేసి' చూసి నేను కరిగిపోయాను. మా దగ్గర ఏ ఆఫీసూ ఎవర్నీ దయచేసి అని అడగదు. మళ్ళీ పంపాను. మళ్ళీ సరిపోలలేదన్నారు. నా కార్డు మా ఊరి ఏటీఎం గుమ్మం దాటితే చెల్లని రకం, అందులో ఉన్నది కూడా చెప్పుకోదగ్గది కాదు. వాళ్ళు వేరే కార్డు ఉంటే పంపమన్నారు. వీధిలో జీడిపప్పు వ్యాపారిని అడిగాను. ఆయన కార్డుని ఇంట్లో పెళ్ళానికే చూపించనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక చెల్లెలు అన్నని చూడ్డానికి వెళ్తుంటే ఇంత సంకుచితమా అని నలుగురిలోనూ కడిగేశాను. పాపం, ఆ వీధిలో బుర్ర ఉన్నది ఆయనొక్కడికే.

ఇలా ఉత్తరాలు నడుస్తుండగా ఓడ వెళ్ళిపోయింది.

ఓడ వెళ్ళిన రెండో రోజున టెక్కలి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన పలాస స్టేషన్‌కి పోతూ జెరాక్స్ కోసం ఆగాడు. కాగితాలు తిరగేస్తూ నా తెర వైపు చూసి నవ్వాడు.

"ఇది మీకూ వచ్చిందా? మా కాలేజీలో అందరికీ వచ్చింది. దొంగ మెయిలండీ. పంపినవాళ్ళ అడ్రసు చూడండి, విమానం కంపెనీది కాదు. రహస్య నంబరు ఏ కంపెనీ అయినా అడుగుతుందా?"

ఆయన మీద కోపం వచ్చింది. టెక్కలి నుంచి వచ్చి కాశీబుగ్గలో నాకు కంప్యూటర్లు నేర్పడమేంటన్నాను. ఆయన డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. అప్పుడు అడ్రసు చూశాను. చిన్న అక్షరాల్లో ఏదో ఊరూ పేరూ లేని అడ్రసు. మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. చదవడమే నా వృత్తి, అది మాత్రం చదవలేదు.

ఊరిపెద్దకి చెప్పాను. ఆయన రెండు నిమిషాలు నన్ను తిట్టి, ఊళ్ళో మాత్రం 'కంపెనీవోల్లకి మన ఊరి పద్దతి నచ్చలేదు' అని చెప్పుకున్నాడు. నాకూ ఆయనకీ అదే వాటంగా ఉంది. ఆమె వచ్చి అడిగినప్పుడు మాత్రం నా నోటికి నిజం రాలేదు. "కొంచెం ఆలస్యం అవుతుందట అప్పా" అన్నాను. ఆమె "అన్నియ్య ఆగుతాడేటి?" అంది. "ఆగుతాడు" అన్నాను. అది కూడా తెలిసినట్టే చెప్పాను.

తర్వాతి ఉత్తరం ప్రింటు తీయకముందే తెర మీద చదివాను. అన్న పోయాడు. తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆ ఓడ పోర్ట్ బ్లెయిర్ చేరిన నాలుగో రోజు పోయాడు. ఆమె ఆ ఓడలో ఉంటే నాలుగు రోజులు ఆయన పక్కన కూర్చునేది. నెత్తళ్ళు వండిపెట్టేది. నాకు నా మీద అసహ్యం వేసింది. ఆ కాగితాన్ని చింపేద్దామా అనుకున్నాను, చించలేక క్లిప్పులో పెట్టాను. ఆమె వచ్చినప్పుడు చదివాను. గొంతు సవరించుకోలేదు. ఆమె గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నేనెందుకు ఏడుస్తున్నానో ఆమె వేరేగా అర్థం చేసుకుని, "ఊరుకో బాబు, నువ్వేటి సేత్తావు" అంది.

మైల తీరాక వారానికి మళ్ళీ బజారుకి వచ్చింది. నా ఎదురుగా కూర్చుని ఒక ఉత్తరం రాయమంది. మేనల్లుడికనుకున్నాను.

"ఆడికి కాదు. ఇమానపోల్లకి. ఆ టిక్కెట్టు నాకింక వద్దని రాసీ. మనకోసం ఎత్తిపెట్టి ఉంచుతారు గావాల. నాలాగ ఎవలో ఉంతారు గదా, ఆల్లకి ఇచ్చీమను."

నేను టైపు కొట్టడం మొదలుపెట్టాను. డియర్ సర్ దాకా కొట్టాను. ఆ తర్వాత వేళ్ళు కదల్లేదు. కంప్యూటరు వైపు చూస్తూనే, ఆమె మొహం చూడకుండా అంతా చెప్పేశాను. కంపెనీ మనకి ఏమీ రాయలేదు, ఆ టిక్కెట్టు లేదు, అది దొంగలు రాసిన ఉత్తరం అని.



"నీకెప్పుడు తెలిసినాది?"

"ఓడ వెళ్ళిపోయిన రెండ్రోజులకి."

"ఓడ టిక్కెట్టు వదిలీమన్న రోజున తెలీదా?"

"తెలీదప్పా. ఒట్టు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె గొంతు పెంచలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేస్తూ నా వైపు నిదానంగా చూసింది.

"ఆ మాటే ఆ రోజు అనుంటే సాలును బాబు. 'నాకు తెలీదప్పా' అనుంటే నాను ఓడెక్కీసుందును."